కాళ్ళ దగ్గర తడి

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. ఏ కారు బానెట్ ఎత్తినా, పనిముట్టు చేతిలోకి తీసుకునే ముందు, అంతకుముందు ఆ కారు మీద చెయ్యి వేసినవాణ్ణి నాలుగు మాటలు అనాలి. "ఎవరండీ ఈ పని చేసిన పుణ్యాత్ముడు?" అని మొదలుపెట్టి, తల అటూ ఇటూ ఊపి, పెదవి చప్పరించి, "సరే, వచ్చారుగా, చూద్దాం" అని ముగించాలి. దీనివల్ల రెండు లాభాలు. మనం చెయ్యబోయే పని ఎంత కష్టమో కారు యజమానికి తెలుస్తుంది, మనం ఎంత గొప్పవాళ్ళమో మనకు తెలుస్తుంది. కార్ల ఏసీ పనిలో ముప్ఫై ఏళ్ళు దాటిన నేను ఈ ఆచారాన్ని ఒక్కరోజు తప్పలేదు. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని, నా షెడ్డులోనే కరెంటు పని చూసే మా బావమరిది అంటుంటాడు. మెచ్చుకుంటున్నాడని చాలాకాలం అనుకున్నాను.

ఆ కారు ఎండలు ముదిరిన రోజుల్లో వచ్చింది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నేలకు జానెడెత్తు, ముదురాకుపచ్చ రంగు. నలభై ఐదేళ్ళనాటి స్పోర్ట్స్ కారు. నడుపుకుంటూ వచ్చినావిడ పళ్ళ డాక్టరు. అది వాళ్ళ నాన్నగారి కారు. ఆయన పోయి రెండేళ్ళయిందట.

"నాన్న దీన్ని ఆదివారాలే బయటికి తీసేవారు. నాకు రోజూ నడపాలని ఉంది. కానీ ఎండాకాలం ఇది కారు కాదు, పొయ్యి. అమ్మ అయితే ఎక్కనే ఎక్కనంటోంది. పాత ఏసీ ఒకటుంది గానీ, వేస్తే కాసేపు మూలిగి ఊరుకుంటుంది" అంది.

"తీసేసి కొత్తది పెట్టేద్దాం డాక్టరమ్మా."

"పెట్టండి. కానీ పైకి ఏమీ మారకూడదు. నాన్న తిప్పిన మీటలు అక్కడే ఉండాలి, గాలి మాత్రం ఇప్పటి కార్లలా రావాలి."

నాకు అలాంటి పనంటే ఇష్టం. పాత కంప్రెసర్ ఇనప దిమ్మలా ఉంది, అది తిరిగితే ఇంజను సగం బలం దానికే పోతుంది. దాని చోట చిన్న కంప్రెసర్ బిగించాలి. ముందువైపు పల్చటి కొత్త కండెన్సర్, దాని వెనక గట్టి ఫ్యాను, డ్యాష్‌బోర్డు కింద కొత్త కూలింగ్ కాయిల్, అన్నిటికీ కొత్త పైపులు, కొత్త రకం గ్యాసు. పాత మీటల వెనక కొత్త స్విచ్చులు బావమరిది చూసుకుంటాడు. ఇదంతా ఆవిడకు చెబుతూ బానెట్ ఎత్తాను. లోపలివైపు రంగు వెలిసిన స్టిక్కరు ఒకటి కనబడింది. ఐసు మాస్టారి షెడ్డు.

ఐసు మాస్టారు నాకు పని నేర్పినాయన. ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీలో చేశారు కాబట్టి ఆ పేరు. ఆయన దగ్గర ఆరేళ్ళున్నాను. ఆయనకిప్పుడు డెబ్భై ఆరు. షెడ్డు మూసేశారు. భార్య లేరు, కూతురి దగ్గర ఉంటున్నారు. నెలకోసారి, మొదటి ఆదివారం, మా ఏసీ మెకానిక్కుల సంఘం గదిలో పాఠం చెబుతారు. పాత కంప్రెసర్లు కోసి, కాయిళ్ళు విప్పి, సంచీలో వేసుకుని వస్తారు. ఆ ఒక్క ఆదివారం కోసమే నాన్న నెలంతా గడ్డం గీసుకుంటారని వాళ్ళమ్మాయి ఒకసారి అంది. నేను సంఘానికి కార్యదర్శిని. గది తాళం నా దగ్గరుంటుంది.

ఆయన మీద నాకు ఒక మంట కూడా ఉంది. ఏ పనైనా గబగబా ముగించేవాణ్ణని ఆయన నాకు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. కిందటి పాఠంలో ఎవరో పైపు వంకరగా బిగించి చూపిస్తే, "ఇది మన ఎక్స్‌ప్రెస్ పనిలా ఉందే" అన్నారు. గదిలో ముప్ఫైమంది నవ్వారు. నాకు యాభై ఐదేళ్ళు, సొంత షెడ్డు ఉంది, కార్యదర్శిని. ఆ నవ్వు మూడు వారాలుగా నా చెవిలోనే ఉంది.

ఇలాంటి కారొకటి మాస్టారి షెడ్డుకు వచ్చినట్టు లీలగా గుర్తొచ్చింది. అది తెల్లది, ఇది పచ్చది. అక్కడితో ఆ ఆలోచన ఆపేశాను.

డ్రైవరు పక్క సీటు తీసి కింద తివాచీ ఎత్తాను. ముక్కు మూసుకోవలసి వచ్చింది. కాళ్ళు పెట్టుకునే చోట రేకు లేదు, ఉన్నదంతా తుప్పు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఎండుటాకులా విరిగి షెడ్డు నేల కనబడింది. కాయిల్ చల్లబడినప్పుడు గాలిలోని తేమ దానిమీద నీళ్ళయి జారుతుంది. ఆ నీళ్ళు పోవడానికి వేలెడు లావు రబ్బరు పైపు పెట్టి, కొసను కారు కిందికి దించాలి. మా పని నేర్చుకునేవాడికి మొదటి వారంలో చెప్పే సంగతి. ఈ కారులో పైపు ఉంది. దాని కొస మాత్రం తివాచీ కింద తీరిగ్గా పడుకుని ఉంది. దించాల్సిన చోట బెజ్జమే లేదు.

డాక్టరమ్మ వంగి చూసింది. "ఇది అమ్మ కాళ్ళు పెట్టుకునే చోటు" అంది. పైపు కొస వేలితో ఎత్తి, "నీళ్ళు దీన్నుంచేనా?" అని అడిగింది.

"దీన్నుంచే."

"నాన్న ఏసీ వేసినప్పుడల్లా అమ్మ కాళ్ళ దగ్గర తడిగా ఉండేది. అమ్మ నీళ్ళ సీసా ఒలకబోస్తోందని ఆయన విసుక్కునేవారు. ఈ కారంటే ఆయనకు ప్రాణం కదా. నేను కాదు మొర్రో అని అమ్మ ఎంత చెప్పినా నమ్మలేదు. రెండు మూడేళ్ళు చూసి అమ్మ ఇందులో ఎక్కడమే మానేసింది. పక్కన మనిషి లేకపోయాక నాన్న కూడా ఏసీ వెయ్యలేదు."

అలాంటి మాట విన్నాక మనిషన్నవాడు కాసేపు నోరు మూసుకోవాలి. నాకు మాత్రం ఆచారం గుర్తొచ్చింది. "ఇలాంటివాళ్ళను స్పానరు ముట్టనివ్వకూడదు డాక్టరమ్మా. పైపు ఎటు పోవాలో తెలియనివాడు ఏసీ పెట్టడమేంటి? పేరు చూస్తే కొండంత, పని చూస్తే ఇదీ" అని కడిగిపారేశాను. ఆవిడ వెళ్ళాక కూడా నా నోరు ఆగలేదు. తుప్పు నేలను, పైపును, స్టిక్కరును మూడు ఫోటోలు తీసి మా సంఘం గ్రూపులో పెట్టి, కింద మాట కూడా రికార్డు చేశాను. "మిత్రులందరికీ ఒక పాఠం. ఇది మన పాఠాల మాస్టారి షెడ్డులో జరిగిన పని. పైపు బయటికి పెట్టడం రానివాళ్ళు మనకు బోర్డు మీద బొమ్మలు గీసి చూపిస్తున్నారు."

"బావా, పెద్దాయన కూడా ఆ గ్రూపులో ఉన్నాడు" అన్నాడు బావమరిది.

"ఉండనీ. వినాలనే పెట్టాను."

నవ్వుల బొమ్మలు వరసగా వచ్చాయి. ఒకడు, వచ్చే పాఠానికి గొడుగులు తెచ్చుకుందామా అని రాశాడు. సాయంత్రానికి మాస్టారి జవాబొచ్చింది. ఆయన చెబితే కూతురు రాసి ఉంటుంది.

"ఆ కారు మా షెడ్డులో చేసిందే. తప్పు మాదే. కారు యజమానికి నా క్షమాపణ చెప్పగలరు. ఇంత తప్పు జరిగాక పాఠాలు చెప్పడం బాగుండదు. ఇకమీదట రాను."

రెండుసార్లు చదివాను. ఆయన వాదిస్తారనుకున్నాను. వాదిస్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అదేమీ అక్కరలేకపోయింది. బావమరిది నా భుజం మీదుగా చదివి, "ఇప్పుడు కడుపు నిండిందా బావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని పాత కాయిల్ డబ్బా విప్పాను. వెనక రేకు గోడకు రంగు గీసుకుపోయిన చోట, పచ్చ కింద తెలుపు కనబడింది. అంటే కారుకు రంగు మార్పించారన్నమాట. డబ్బా పై బిగింపు దగ్గర సందు నింపడానికి ఎవరో నల్ల టేపు చుట్టిన బిళ్ళ ఒకటి దూర్చారు. రబ్బరు ముక్క ఉండాల్సిన చోటది. "చూడరా, ఇదేం దూర్చాడో మహానుభావుడు" అంటూనే బ్లేడుతో టేపు కోశాను.

లోపల నాలుగు మడతల గులాబీరంగు అట్ట. అంచుకు బంగారు గీత. విప్పితే శుభలేఖ. వరుడు అన్న చోట నా పేరు ఉంది. వధువు అన్న చోట మా ఆవిడ పేరు ఉంది.

ఎంతసేపు అలా పడుకున్నానో తెలియదు. బావమరిది, "ఏంటి బావా, కునుకు తీస్తున్నావా?" అని వంగి చూశాడు. కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, చెమట పట్టిందన్నాను.

అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, పెళ్ళికి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం నాలుగింటి బస్సుకు మా ఊరు వెళ్ళాలి. పొద్దున్నుంచి తెల్ల స్పోర్ట్స్ కారు మీద ఒక్కణ్ణే ఉన్నాను. తల డ్యాష్‌బోర్డు కింద ఉంది, మనసు బస్సులో ఉంది. డబ్బా వదులుగా కదులుతోంది. రబ్బరు ముక్క తేవాలంటే పది అడుగులు నడవాలి. జేబులో మిగిలిపోయిన శుభలేఖ ఉంది, మడిచి టేపు చుట్టి దూర్చేశాను. బెజ్జం వేసే మిషను ఇంకో కారు దగ్గరుంది, పైపు ఆఖర్న దించుదాములే అనుకున్నాను. ఆ ఆఖరు రానేలేదు. తివాచీ పరిచేసి బయటికొచ్చాను.

మాస్టారు గుమ్మంలో ఎదురయ్యారు. "పైపు చూశావా?" అని అడిగారు.

"చూశాను మాస్టారూ" అన్నాను.

ఆయన ఇంకో మాట అడగలేదు. "పెళ్ళికొడుకువి, ఈ చేతులతో పోతావురా?" అని నా అరచేతుల్లో కిరోసిన్ తనే పోసి, గోళ్ళలో మడ్డి పోయేదాకా రుద్దించారు. పదిరోజుల తర్వాత తిరిగొచ్చేసరికి కారు వెళ్ళిపోయింది. మరి అప్పుడైనా నాకు పైపు గుర్తురాలేదా? వచ్చింది. ఒకరోజు టీ తాగుతుంటే గుర్తొచ్చింది. ఎవరో ఒకరు చూసే ఉంటారులే అనుకుని టీ తాగేశాను. క్రమంగా ఆ టీ కూడా మరిచిపోయాను.

ఆ రోజు సాయంత్రమే గ్రూపులో నాలుగు ముక్కలు రాస్తే సరిపోయేది. ఫోను తీశాను. కింద నా మాటే ఉంది, నొక్కి విన్నాను. నా గొంతు అంత సంబరంగా ఉంటుందని నాకు తెలియదు. ఫోను జేబులో పెట్టేశాను. ముందు పని పూర్తి చేద్దాం, చెప్పడానికి ఎప్పుడైనా చెప్పొచ్చు అని సర్దిచెప్పుకున్నాను. పైపును ఆఖరుకు వదిలింది కూడా ఇలాగే.

మరుసటి రోజు బట్టలు ఉతకబోతూ మా ఆవిడ నా చొక్కా జేబులోంచి కార్డు తీసింది. మడతలు విప్పి, మా పేర్ల మీద వేలు పెట్టి చదివింది. తర్వాత నెమ్మదిగా, "ఇన్నేళ్ళూ దాచుకున్నారా? నా దగ్గర కూడా ఒక్కటి లేదు" అంది. తువ్వాలు అందుకుని స్నానానికి వెళ్ళాను. ఆవిడ దాన్ని తుడిచి, అద్దం ఫ్రేములో గుచ్చింది. ఆ పూట భోజనంలో రెండుసార్లు అడిగి అడిగి వడ్డించింది. అప్పట్నుంచి గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడితే నా ముఖం పక్కనే నా పేరు కనబడేది. షెడ్డులో కారు అద్దం చూసి గీసుకోవడం మొదలుపెట్టాను.

పని మాత్రం ఇంతవరకు ఎన్నడూ చెయ్యనంత జాగ్రత్తగా చేశాను. తుప్పు నేలను రేకు పని చేసే టింకరు చేత కోయించి, కొత్త రేకు అతికించి, కింద రెండు పూతలు వేయించాను. బిగింపులన్నిటికీ రబ్బరు ముక్కలు వేశాను. పైపుల్లోని గాలి లాగేసే పంపు గంట నడిపితే చాలు, మూడు గంటలు నడిపాను. ఎక్కడైనా లీకుండి గేజి ముల్లు కదులుతుందేమోనని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. "బావా, నువ్వు గేజిని చూస్తున్నావా, అది నిన్ను చూస్తోందా?" అన్నాడు బావమరిది. మామూలప్పుడైతే తిట్టేవాణ్ణి. స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను. కొత్త పైపుకు బెజ్జం నేనే వేశాను, అన్నిటికన్నా ముందు, మొదటి పనిగా.

మొదటి ఆదివారం వచ్చింది. గది తాళం తీశాను. పాతికమంది వచ్చారు. మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన రారని తెలిసి కూడా అందరూ పది నిమిషాలు చూశారు. గొడుగుల సంగతి రాసినవాడు కూడా గుమ్మం వంక చూస్తూ కూర్చున్నాడు.

"కార్యదర్శిగారూ, ఇవాళ మీరు చెప్పండి మరి" అన్నారెవరో.

లేచి సుద్దముక్క తీసుకున్నాను. బోర్డు మీద కిందటి నెల ఆయన గీసిన బొమ్మ అలాగే ఉంది. కాయిల్, డబ్బా, కిందికి దిగే పైపు, పైపు కొసన ఒక నీటి బొట్టు. అది తుడిచి నేను ఏదో గియ్యాలి. సుద్దముక్క తిరిగి పెట్టేశాను. గొంతు బాగాలేదని చెప్పి అందర్నీ పంపేశాను. బొమ్మ తుడవకుండానే తాళం వేశాను.

ఆ మధ్యాహ్నం మాస్టారికి ఫోను చేశాను. కూతురు తీసింది. "నాన్న పాఠాల సామానంతా మూటకట్టి అటక మీద పెట్టించారన్నా. నిచ్చెన నేనే పట్టుకున్నాను. ఇవాళ గడ్డం కూడా గీసుకోలేదు. ఆయనకివ్వనా?" అంది.

"వద్దులేమ్మా, ఊరికే చేశాను" అని పెట్టేశాను. ఆ మాట అన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

సోమవారం బావమరిది స్విచ్చుల తీగలు కలుపుతూ, తల ఎత్తకుండానే, "బావా, ఆ కార్డు నేనూ చూశాను. మా అక్క పేరు నాకు కనబడదా?" అన్నాడు.

చేతిలోని స్పానరు కింద పెట్టాను.

"పది రోజులయింది. నువ్వే చెబుతావని ఊరుకున్నాను" అన్నాడు. వెక్కిరింత లేదు ఆ గొంతులో. ఎప్పుడూ వెక్కిరించేవాడు మామూలుగా మాట్లాడితే ఎంత సిగ్గేస్తుందో అప్పుడు తెలిసింది.

"కారు ఇచ్చేసేటప్పుడు చెబుతాను" అన్నాను.

బుధవారం కారు తీసుకోవడానికి డాక్టరమ్మ వచ్చింది. వెంట వాళ్ళమ్మగారు కూడా ఉన్నారు, సన్నగా, నిటారుగా, చేతిసంచీ గట్టిగా పట్టుకుని. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"మొదటిసారి ఏసీ పెట్టినాయన్ను రమ్మన్నాను. నంబరు మా అమ్మాయి కనుక్కుంది. ఇప్పుడొస్తాడు" అన్నారావిడ.

"ఎందుకండీ?" అన్నాను.

"ఎందుకేమిటి నాయనా? మా ఆయన పోయేదాకా నేను నీళ్ళు ఒలకబోసే మనిషినే. నేను ఒలకబోయలేదని ఒక్క మనిషి నోటివెంట వినాలి. మా ఆయన ఎలాగూ అనడు. చేసినవాడైనా అనాలి కదా."

ఆవిడ ఆ మాట అంటుండగానే గేటు దగ్గర ఆటో ఆగింది. కూతురి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో కర్ర ఊతంగా మాస్టారు దిగారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గడ్డం మాసి ఉంది. నన్ను చూసి తలూపి, నేరుగా పెద్దావిడ దగ్గరికి వెళ్ళారు. అప్పుడే చెప్పాల్సింది. ఆయన గేటు నుంచి కారు దాకా నడిచిన ఇరవై అడుగుల్లో ఎక్కడైనా చెప్పొచ్చు. నేను నిలబడి చూస్తున్నాను.

"నీళ్ళు ఎక్కడివండీ?" అని అడిగారు పెద్దావిడ.

"ఏసీవమ్మా. బయటికి పోవాల్సిన పైపు మేం లోపలే వదిలేశాం. మీ తప్పేమీ లేదు. తప్పు మాది" అని మాస్టారు కర్రను చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించారు.

ఆ చేతులు చూశాక నోరు పెగిలింది. ముందు కాదు. ఆయన చేతులు జోడించాకే.

"ఆయన కాదమ్మా. నేను" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివర్నుంచి చెప్పాను. శుభలేఖ, బస్సు, బెజ్జం, తివాచీ, ఆయన అడగడం, నేను చూశానని చెప్పడం. టీ సంగతి కూడా చెప్పాను. కార్డు దొరికి పన్నెండు రోజులయిందని, ఈ పన్నెండు రోజులూ దాచానని చెప్పాను.

పెద్దావిడ నన్ను ఎగాదిగా చూశారు. "పెళ్ళికి వెళ్ళే తొందరా?" అన్నారు.

"అవునమ్మా. క్షమించండి."

"నీ పెళ్ళి బాగానే జరిగింది. నా కాపురంలో మాత్రం పాతికేళ్ళు ఆ నీళ్ళున్నాయి." కోపంగా అనలేదు, లెక్క సరిచేసినట్టు అన్నారు. "ఆయన ఉండగా చెప్పాల్సింది నాయనా" అని కారువైపు తిరిగారు. డాక్టరమ్మ తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ నావైపు అసలు చూడలేదు.

మాస్టారి ముఖంలో ఆశ్చర్యం లేదు. "మీకు తెలుసా?" అని అడిగాను.

"మా షెడ్డుకు అలాంటి బండి ఒక్కటే వచ్చింది. పని చేసింది నువ్వు. తెలియకేంరా?"

"మరి గ్రూపులో నా పేరు చెప్పలేదేం?"

"పని నువ్వు చేశావు, బండి పంపింది నేను. పైపు చూశావా అన్నాను, చూశానన్నావు. నేను వంగి చూడలేదు. ఆ వంగకపోవడం నాది. నీది నువ్వు చెప్పుకోవాలి, నేనెలా చెబుతాను?"

ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది. ఫోను తీశాను. ఆయన చెయ్యి అడ్డంపెట్టి, "ఇక్కడ చెప్పావు, చాల్లే. నీకు షెడ్డుంది, నలుగురిలో పేరుంది. నాకు ఇప్పుడు పోయేదేముంది?" అన్నారు. ఆ మాట వింటే ఎవరికైనా ఫోను జేబులో పెట్టెయ్యాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒక్క క్షణం నిజంగానే పెట్టబోయాను. బావమరిది చేస్తున్న పని ఆపి నన్నే చూస్తున్నాడు.

రికార్డు మీట నొక్కాను. "పచ్చ స్పోర్ట్స్ కారులో పైపు లోపల వదిలేసింది నేను. మాస్టారు అడిగితే చూశానని అబద్ధం చెప్పాను. అది తెలిశాక కూడా పన్నెండు రోజులు నోరు మూసుకున్నాను. నవ్వాల్సింది ఆయన్ను చూసి కాదు" అని చెప్పి పంపాను. ఈసారి నా గొంతులో సంబరమేమీ లేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి కార్డు సంగతి మా ఆవిడకు కూడా చెప్పాలని అప్పుడు గుర్తొచ్చింది. ఆ ప్రేమలేఖ కాస్తా రబ్బరు ముక్కకు బదులు దూర్చిన అట్ట అని ఆవిడకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

తర్వాత కారు స్టార్టు చేసి ఏసీ వేశాం. పెద్దావిడ తన పాత సీట్లో కూర్చుని, పాదాలు కొత్త తివాచీ మీద ఆనించి, ఒకసారి వేళ్ళతో తడిమి చూసుకున్నారు. పాత మీటల వెనకనుంచి చల్లటి గాలి వచ్చింది. ధర్మామీటరు ఆరు డిగ్రీలు చూపించింది. డాక్టరమ్మ మొదటిసారి కాస్త నవ్వింది, నన్ను చూసి కాదు.

మాస్టారు కారు చుట్టూ ఒకసారి తిరిగి నా దగ్గర ఆగారు. "పైపు?" అన్నారు.

"పెట్టాను మాస్టారూ. చూశాను."

"మంచిది" అన్నారు.

అని, కర్ర కూతురి చేతికిచ్చి, కారు తలుపు పట్టుకుని మెల్లగా కిందికి దిగారు. ఒక మోకాలు ఆనింది. రెండోది ఆనేసరికి ఆయన పళ్ళు బిగపట్టడం కనబడింది. నేను వంగబోతే చేత్తో వద్దన్నారు. షెడ్డు నేల మీద, ఇస్త్రీ చొక్కాతో, అరచెయ్యి కారు కిందికి చాపి అలాగే ఉండిపోయారు. మేమందరం నిలబడి ఉన్నాం. ఇంజను తిరుగుతూనే ఉంది. రెండు నిమిషాలో, మూడు నిమిషాలో గడిచాయి. నా మాట మీద వదిలేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నా జన్మలో అంత సిగ్గుపడలేదు.

చెయ్యి బయటికి తీసి తిప్పి చూసుకున్నారు. మధ్యలో ఒక నీటి బొట్టు ఉంది.

నా భుజం ఆసరాగా పట్టుకుని లేచారు. ఆ తడి చెయ్యి నా చొక్కాకే తుడుచుకున్నారు. ఆయాసం తగ్గేదాకా ఆగి, "అటక మీద సామాను దింపించాలి" అన్నారు కూతురితో. తర్వాత నావైపు తిరిగి, "గది తాళం ఎవరి దగ్గరుంది?" అని అడిగారు.

"నా దగ్గరే ఉంది మాస్టారూ."

"ఏదీ, చూపించు" అన్నారు.

జేబులోంచి తీసి చూపించాను.